మల్లన్న కొండ కింద సముద్రపు మనుషులు

ఆళ్లగడ్డ, నంద్యాల పల్లెల నుంచి నల్లమల దాటి శ్రీశైలం నడిచే భక్తులు దర్శనం కాగానే బస్సెక్కి వెళ్ళిపోతారు. కొండ దిగితే కృష్ణ ఒడ్డున లింగాలగట్టు ఉంది. సముద్రాన్ని వదిలి వచ్చి, డ్యాం నీడలో వల వేసుకుని బతుకుతున్న జాలర్ల ఊరు అది.

శివరాత్రి మర్నాడు. ఎండ ఇంకా ముదరలేదు. లింగాలగట్టు వంతెన దగ్గర ఆగిన జీపులోంచి దిగిన వాళ్ళు నేల మీద పాదం ఆనించడానికే మొహం చిట్లించుకుంటున్నారు. అరికాళ్ళ నిండా చితికిన బొబ్బలు. ఒకాయన తువ్వాలు చింపి రెండు పాదాలకూ కట్టుకున్నాడు. ఆళ్లగడ్డ దగ్గరి పల్లెల నుంచి ఐదారు రోజులు నడిచి కొండ చేరి, రాత్రంతా జాగారం చేసి, మల్లన్నను చూసుకుని వచ్చిన గుంపు. బస్సుకు ఇంకా టైముందని కృష్ణలో కాళ్ళు పెట్టుకోవడానికి దిగారు.

అదే వేళకు ఒక పుట్టి గట్టుకు వచ్చింది. అందులో భార్యాభర్తలు. ఆమె తెడ్డు పక్కన పెట్టి వలలోంచి చేపల్ని ఒక్కొక్కటీ విడిపిస్తోంది. ఆయన తడి బట్టలతోనే రాయి మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

"ఏమన్నా, బాగా పడినాయా?" అని కట్టు కట్టుకున్న పెద్దాయన పలకరించాడు.

"ఏటి పడతాయి బాబూ, నీళ్ళు లేవు కదేటి. పొద్దుట్నుంచి ఇవే."

రాయలసీమ వాళ్ళకు ఆ యాస వినగానే అర్థమైపోయింది, ఇతను ఇక్కడివాడు కాదని. ఏ ఊరని అడిగితే భీమిలి దగ్గర అన్నాడు. వాళ్ళ నాన్న వచ్చాడట, డ్యాం కొత్తలో. సముద్రం ఒడ్డున పుట్టినవాడు నల్లమల నడుమ ఏం చేస్తున్నాడన్న ప్రశ్న ఆ గుంపులో అందరి మొహాల మీదా కనిపించింది.

కిందటి వానాకాలంలో ఈ ఊరిని వాళ్ళంతా ఫోన్లలో చూశారు. శ్రీశైలం గేట్లు ఎత్తినప్పుడల్లా తెలుగు రాష్ట్రాల్లో చేతులు మారే వీడియోల్లో నురగ కక్కే నీటి కింద గిరగిర తిరిగే నల్లటి చుక్కలు ఉంటాయి. ఆ చుక్కలు పుట్టెలు. వాటిలో ఉన్నవాళ్ళు లింగాలగట్టు మనుషులు.

దేవుడూ నడిచే నేల

నంద్యాల జిల్లాలో నడక సంక్రాంతితో మొదలవుతుంది. ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలంలో కనుమ వేళకు పారువేట పండుగ. ఇక్కడ మొదట నడకకు బయలుదేరేది స్వామే. జ్వాలా నరసింహుడూ ప్రహ్లాద వరదుడూ ఒకే పల్లకీలో కొండ దిగి, నలభై ఐదు రోజుల పాటు చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతారు. చెంచులక్ష్మిని పెళ్ళాడిన దేవుడు కాబట్టి చెంచులు ఆయనకు అత్తింటి వాళ్ళు. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి రమ్మని ఇంటింటికీ పిలుపు చెప్పుకుంటూ తిరుగుతాడని నమ్మకం. పల్లకీ వచ్చే రోజు ఆ పల్లెలో ఆడపడుచులంతా పుట్టింట్లో ఉండాల్సిందే.

స్వామి ఊళ్ళు తిరుగుతుండగానే మాఘం వచ్చేస్తుంది. శివదీక్ష తీసుకున్న వాళ్ళు జ్యోతిర్ముడి తలకెత్తుకుని ఉత్తరంగా బయలుదేరతారు. మహానందిలో కోనేటి స్నానం, బండి ఆత్మకూరు పక్కన ఓంకారంలో మజిలీ, అక్కడి నుంచి వెలుగోడు, ఆత్మకూరు. నంద్యాల చుట్టూ ఉన్న నవనందులన్నీ మొక్కుకున్నాకే కొండ ఎక్కాలని పట్టుబట్టే ముసలివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆత్మకూరు దాటి వెంకటాపురం చేరితే తారు రోడ్డు వెనకపడి అడవి మొదలవుతుంది.

శివరాత్రి రద్దీ తగ్గీ తగ్గకముందే కన్నడ దేశం కదులుతుంది. ఉగాదికి బాగల్‌కోట, బెళగావి, రాయచూరు వైపుల నుంచి లక్షల మంది ఇదే దారిలో నడిచి వస్తారు. వాళ్ళకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. ఆడపడుచుకు చీర, సారె తెచ్చే పుట్టింటి వాళ్ళ హక్కుతో వస్తారు కనుక దారి పొడవునా వాళ్ళ మాటలో చనువు వినిపిస్తుంది. పన్నెండో శతాబ్దంలో అక్కమహాదేవి కూడా కన్నడ దేశం నుంచే వచ్చి ఈ కొండల్లోని కదళీవనంలో కలిసిపోయింది. ఆమె పేరిట ఉన్న గుహలకు ఇప్పుడు పాతాళగంగ నుంచి పడవలో వెళ్తున్నారు.

> నల్లమల నడక దారి
>
> వెంకటాపురం నుంచి శ్రీశైలానికి అడవిలో నడక సుమారు నలభై కిలోమీటర్లు. బస్సు దారైతే దోర్నాల మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి, అది రెట్టింపు కన్నా ఎక్కువ దూరం.
>
> ముఖ్యమైన మజిలీలు: వీరభద్రుడి గుడి ఉన్న నాగలూటి, చెంచు గూడెం ఉన్న పెచ్చెరువు, లోతైన లోయలో భీముని కొలను, ఆ లోయలోంచి నిటారుగా పైకెక్కితే కైలాసద్వారం. అక్కడి నుంచి హటకేశ్వరం మీదుగా గుడి.
>
> ఈ అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం. ఈ దారిలో గుంపులుగా నడవడానికి అటవీశాఖ పండుగ రోజుల్లోనే అనుమతిస్తుంది.
>
> పద్నాలుగో శతాబ్దంలో కొండవీటి రాజు ప్రోలయ వేమారెడ్డి అహోబిలం కొండకూ శ్రీశైలం కొండకూ మెట్లు కట్టించాడని శాసనాలు చెబుతున్నాయి.

భీముని కొలను దగ్గరే చాలామంది దుఃఖం ఆపుకోలేరు. అప్పటికి రెండు రోజుల అడవి నడక. నీళ్ళ సీసాలు ఖాళీ. ఎదురుగా కొండ గోడలా నిలబడి ఉంటుంది. "చేదుకో మల్లన్నా, ఆదుకో మల్లన్నా" అన్న కేక ముందు ఒక గొంతులోంచి లేస్తుంది, తర్వాత లోయంతా అందుకుంటుంది. నంద్యాల, కర్నూలు పట్టణాల నుంచి వచ్చిన అన్నదాన బృందాలు నాగలూటిలో, పెచ్చెరువులో పొయ్యిలు పెట్టి రాత్రీ పగలూ వండి పెడుతుంటాయి. ఎవరి కులం ఏమిటి, ఎవరి ఊరు ఏమిటి అని అడిగే మనిషి ఆ దారిలో కనిపించడు.

పల్లకీలో వచ్చిన దుబాసీ

ఈ దారి మీద తెలుగులో వివరంగా రాసినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరాడు. తిరుపతి, కడప దాటి అహోబిలం చూసి, మహానంది మీదుగా ఆత్మకూరు వచ్చి, నల్లమల ఎక్కి శ్రీశైలం చేరాడు. ఇవాళ ఆళ్లగడ్డ భక్తులు నడిచే దారి దాదాపు ఇదే. అప్పట్లో ఈ సీమ కందనూరు (కర్నూలు) నవాబు చేతిలో ఉండేది. మల్లన్నను చూడటానికి వచ్చే యాత్రికుల దగ్గర నవాబు మనుషులు పన్ను వసూలు చేసే తీరును ఆయన దాచకుండా రాశాడు. ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ వసతి ఉంది అన్నవి మజిలీ మజిలీకీ రాసిపెట్టిన ఆ 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది.

తిరుగు ప్రయాణం ఆయన తూర్పు తీరం వెంట చేశాడు. పూరీ, శ్రీకాకుళం, విశాఖపట్నం దాటుకుంటూ 1831 సెప్టెంబరుకు మద్రాసు చేరాడు. అంటే నల్లమల కొండనూ, ఉత్తరాంధ్ర జాలర్ల తీరాన్నీ ఒకే యాత్రలో చూశాడు. అప్పటికి ఆ తీరం మనుషులు ఈ కొండకు రావడానికి కారణమేదీ లేదు. పాతాళగంగ అంటే లోయ అడుగున రాళ్ళ మధ్య పారే కృష్ణ, అంతే.

కారణం ఆ తర్వాత నూట యాభై ఏళ్ళకు పుట్టింది.

గుడులు కదిలాయి, ఊళ్ళు కూలాయి

1963 జూలై 24న జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. కట్టడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. 1981లో వానలు రాకముందే మునిగే ఊళ్ళను ఖాళీ చేయించారు. కదలని వాళ్ళ ఇళ్ళు కూల్చారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు నీళ్ళ కిందకు వెళ్ళాయి. లక్ష మందికి పైగా జనం చెల్లాచెదురయ్యారు.

అదే సమయంలో పురావస్తు శాఖ వాళ్ళు పాత గుడులను కాపాడే పనిలో ఉన్నారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు జగన్నాథగట్టు మీదకు చేరింది. ఆ పని గొప్పదే. అంత ఓపిక, అంత లెక్క ఇళ్ళు పోయిన మనుషుల విషయంలో కూడా చూపించి ఉంటే నందికొట్కూరు, కొత్తపల్లి, పగిడ్యాల వైపు పల్లెల్లో నేటికీ ఆ గాయం పచ్చిగా ఉండేది కాదు. ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇస్తామని 1986లో ఇచ్చిన 98వ నంబరు జీవో కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్ళలో చాలామంది ముసలివాళ్ళయిపోయారు. కొందరు పోయారు.

ముచ్చుమర్రి దగ్గరి సంగమేశ్వరం గుడిని మాత్రం ఎవరూ తరలించలేదు. ఏడు నదులు కలిసే చోటని పేరు. లోపల వేప మానుతో చేసిన లింగం. ఏడాదిలో ఎక్కువ నెలలు అది జలాశయం అడుగునే ఉంటుంది. వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు ముందు శిఖరం, తర్వాత గోడలు, చివరికి గర్భగుడి బయటపడతాయి. మళ్ళీ వరద వచ్చి శిఖరం మునిగే వేళ అర్చకుడు పడవలో వెళ్ళి ఆఖరి హారతి ఇస్తాడు. ఆ పడవ నడిపే చేతులూ జాలర్లవే.

> డ్యాం లెక్కలు
>
> పూర్తి నీటిమట్టం 885 అడుగులు. క్రెస్టు గేట్లు 12. డ్యాం పొడవు 512 మీటర్లు, ఎత్తు 145 మీటర్లు. నిండితే జలాశయం దాదాపు 616 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది.
>
> కట్టినప్పుడు నిల్వ సామర్థ్యం 308 టీఎంసీలు. పూడిక చేరి ఇప్పుడది 215 టీఎంసీల పైచిలుకు మాత్రమే.
>
> కుడిగట్టు కరెంటు కేంద్రం 770 మెగావాట్లు, ఎడమగట్టు భూగర్భ కేంద్రం 900 మెగావాట్లు.
>
> పోతిరెడ్డిపాడు నుంచి బయలుదేరే కృష్ణ నీళ్ళు బానకచర్ల, వెలుగోడు మీదుగా తెలుగుగంగ కాలువలో ఆళ్లగడ్డ వైపు పొలాలకు చేరతాయి. ఆళ్లగడ్డ నుంచి శ్రీశైలం నడిచే రైతు తన పొలానికి వచ్చే నీళ్ళకు ఎదురు నడుస్తున్నట్టే.

కడలి నుంచి కొండకు

కొత్తగా నిండిన జలాశయంలో మొదటి కొన్నేళ్ళు చేప విరగబడుతుంది. మునిగిన పొలాల సారం, చెట్ల ఆకు అలము కుళ్ళి నీటికి బలమిస్తాయి. ఆ మేతకు చేప త్వరగా పెరుగుతుంది. శ్రీశైలంలోనూ అంతకుముందు నాగార్జునసాగర్‌లోనూ జరిగింది ఇదే. కానీ అంత లోతు నీళ్ళలో, అంత వెడల్పున, గాలి తిరిగితే అలలు లేచే చోట వేటాడటం ఏటి ఒడ్డు బెస్తలకు అలవాటు లేని పని. అది తెలిసినవాళ్ళు సముద్రం ఒడ్డున ఉన్నారు.

అప్పటికి అక్కడ కాలం మారుతోంది. విశాఖ తీరంలో మర పడవలు పెరుగుతున్నాయి. తెప్ప మీద వెళ్ళి వచ్చేవాడికి చేప దూరమవుతోంది. ఎవరో ఒక బంధువు ముందు వచ్చి చూసి వెళ్ళాడు, తర్వాత మరో నాలుగు కుటుంబాలు వచ్చాయి. ఉత్తరాంధ్ర తీరం నుంచి, గోదావరి జిల్లాల నుంచి వాడబలిజలు, జాలర్లు ఇలా విడతలు విడతలుగా జలాశయం చుట్టూ చేరారు. నీళ్ళు తగ్గితే కిందకు, పెరిగితే పైకి టార్పాలిన్ గుడిసె మోసుకుపోయే బతుకు చాలామందిది. లింగాలగట్టు వాళ్ళు డ్యాం కిందుగా కాస్త స్థిరపడ్డారు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వచ్చే దారి ఇక్కడే వంతెన మీద కృష్ణను దాటుతుంది. పైన ప్రాజెక్టు కట్టిన వాళ్ళ కోసం వెలసిన సున్నిపెంట కాలనీ. అంటే బేరానికి మనుషులున్నారు, ఎక్కి పోవడానికి బస్సు ఉంది.

వల మారింది, ఓడ మారింది. సముద్రంలో తెప్ప నడిపిన చేతులు ఇక్కడ పుట్టి నేర్చుకున్నాయి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున నీరు చొరకుండా పట్టా వేసి తారు పూసిన పుట్టిలో ఇద్దరు కూర్చుంటే మూడోవాడికి చోటు ఉండదు. అందుకే చాలా పుట్టెల్లో భార్యాభర్తలే కనిపిస్తారు. ఆమె తెడ్డు వేస్తుంది, ఆయన తంగుస వల వదులుతాడు. సముద్రపు వేటలో ఆడవాళ్ళు పడవ ఎక్కరు. ఒడ్డున బేరం, ఎండబెట్టడం వాళ్ళ పని. కొండ కిందికి వచ్చాక ఆ కట్టు తెగిపోయింది. అవసరం తెంచింది. ఆ తెడ్డు చేతికొచ్చాక ఇంట్లో ఆమె మాటకు విలువ పెరిగిందని గట్టు మీద పెద్దావిడలు చెబుతారు, ఆ మాట చెప్పేటప్పుడు గొంతు కాస్త పెంచుతారు.

మారనివీ ఉన్నాయి. వల వేసే ముందు గంగమ్మకు కర్పూరం వెలిగించడం మారలేదు. సింహాద్రి అప్పన్న పేరు పిల్లలకు పెట్టడం మారలేదు. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన భక్తుడి ఇంటి దేవుడు అహోబిలం నరసింహుడు. వల బాగుచేసుకుంటున్న మనిషి దేవుడు సింహాచలం నరసింహుడు. ఆ రోజు గట్టు మీద కూర్చున్న పెద్దాయనకు ఈ సంగతి తెలిసిన క్షణం నుంచి మాటల ధోరణే మారిపోయింది. మీ దగ్గర చందనం ఎన్నాళ్ళకు తీస్తారు, మా దగ్గర పారువేట ఎట్లా జరుగుతుంది అని గంటసేపు చెప్పుకున్నారు.

గేట్లు ఎత్తిన రోజు

వానాకాలంలో కృష్ణలో చేప ఏటికి ఎదురీదుతుంది, గుడ్లు పెట్టడానికి. బొచ్చె, రోహు, మోసు అన్నిటిదీ అదే తీరు. ఎదురీది వచ్చిన చేపకు డ్యాం అడ్డం తగులుతుంది. ఇక పైకి పోలేక కింద మడుగుల్లో గుమిగూడుతుంది. గేట్లు ఎత్తినప్పుడు జలాశయంలోని చేప కూడా నీటితో పాటు కిందపడుతుంది. గేట్లు దించగానే ప్రవాహం తగ్గి రాళ్ళ నడుమ చేప చిక్కుతుంది. ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఆ కొన్ని రోజుల్లోనే రావాలి. అందుకే గేట్లు దిగాయన్న కబురు రాగానే వందల పుట్టెలు ఒకేసారి నీళ్ళ మీదకు వస్తాయి.

పైన వంతెన మీద నిలబడి ఫోన్లు పట్టుకున్న జనానికి అది పండుగ. కింద ఉన్నవాళ్ళకు ప్రతి నిమిషమూ గండం. గేటు మళ్ళీ ఎప్పుడు లేస్తుందో తెలియదు. కరెంటు కేంద్రం టర్బైన్లు తిరగడం మొదలైతే నీటి మట్టం ఉన్నట్టుండి పెరుగుతుంది. నీళ్ళలో మొసళ్ళున్నాయి. రాళ్ళ మధ్య సుడిలో పడిన పుట్టి తిరగబడితే ఈత వచ్చినవాడికైనా వల కాళ్ళకు చుట్టుకుంటుంది. పోలీసులు హెచ్చరిస్తారు, గట్టు మీద కాపలా పెడతారు. ఆకలి ఉన్నవాడు కాపలా లేని చోటు వెతుక్కుంటాడు. లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషి ఆ వీడియోల్లో ఎంత వెతికినా అరుదు.

2009 అక్టోబరు మొదట్లో వచ్చిన వరదను ఇక్కడెవరూ మర్చిపోలేదు. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. మట్టం 885 అడుగులు దాటి 896కు చేరింది. ఎగువన కర్నూలు నగరం మునిగింది. డ్యాం తట్టుకుంటుందా లేదా అని రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టిన ఆ రాత్రులు డ్యాం కాళ్ళ దగ్గర బతికేవాళ్ళకు ఎలా గడిచాయో ఊహించుకోవాలి.

అప్పు ముందు, చేప తర్వాత

చేప పట్టేవాడే ధర చెప్పే రోజు ఇంకా రాలేదు. వలకు, పుట్టికి, పెళ్ళికి, ఆసుపత్రికి డబ్బు కావాలంటే వ్యాపారి ముందే అడ్వాన్సు ఇస్తాడు. ఆ తర్వాత పడిన చేపంతా ఆయన కాటాకే వెళ్ళాలి, ఆయన చెప్పిన ధరకే. జలాశయం పొడవునా ఇదే కథ.

దీనికి తోడు అలివి వల. చీమ దూరని సన్న కన్నుతో, కిలోమీటర్ల పొడవున లాగే ఈ వలలో వేలెడు పిల్ల చేప కూడా మిగలదు. నిషేధం ఉంది. మత్స్యశాఖ అప్పుడప్పుడు పట్టుకుని తగలబెడుతుంది కూడా. అయినా వెనక్కి తగ్గనంత లాభం ఉంది దాంట్లో. పిల్ల చేపను ఎండబెట్టి దూరపు రాష్ట్రాలకు పంపుతారు. ప్రభుత్వం చేప పిల్లల్ని వదిలిన కొద్ది రోజులకే ఆ పిల్లలు ఎండు చేపలై మూటల్లో వెళ్ళిపోతుంటే, తంగుస వలతో పెద్ద చేప కోసం కాచుకునే పుట్టివాడికి మిగిలేదేమిటి? అలివి వలలు లాగేది కూడా తీరం నుంచి కూలికి తెచ్చిన పేదలే కావడంతో, స్థానిక బెస్తలకు వలస జాలర్లంటే కోపం పెరిగింది. లాభం తీసుకునే వ్యాపారి మాత్రం ఎవరి కంటా పడడు. ఈ తగవును యాసల తగవుగా, ప్రాంతాల తగవుగా చూసినంత కాలం అది తెగదు.

ఇంకో చిక్కు ఉంది. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీరంలోని మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే సాయాన్ని 2025లో 20 వేల రూపాయలకు పెంచింది. మంచి పని. కానీ అది సముద్రంలో వేటాడే వాళ్ళ కోసం. జలాశయంలోనూ చేప గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపమంటారు. ఆపిన రోజుల తిండి సంగతి ఎవరూ మాట్లాడరు. తీరం వదిలి వచ్చినవాడు తీరపు సాయం పోగొట్టుకున్నాడు, ఇక్కడి సాయం ఇంకా అందలేదు.

దీక్ష విడిచాక

శ్రీశైలం క్షేత్రంలో మాంసం, మద్యం నిషేధం. కొండ దిగిన లింగాలగట్టులో రోడ్డు పక్కన ఇనుప పెనాల మీద చేపలు వేగుతుంటాయి. మసాలా పట్టించిన ముక్క నూనెలో పడిన చప్పుడుకు హైదరాబాద్ కార్లు ఆగుతాయి. దీక్షలో ఉన్నవాళ్ళు తల తిప్పుకుని వెళ్తారు. విరమణ అయినవాళ్ళు కొందరు ఆగుతారు, కొందరు ఇల్లు చేరేదాకా ముట్టరు. అది ఎవరి నియమం వాళ్ళది. ఇందులో గుడికీ పెనానికీ తగువేమీ లేదు. యాత్రికుల రద్దీ లేకపోతే ఈ దుకాణాలు లేవు, ఈ దుకాణాలు లేకపోతే చిన్న చేపకు ధర లేదు.

తీరానికీ ఈ కొండకూ ఉన్న బంధం జాలర్లతోనే మొదలవలేదు. శివరాత్రి లింగోద్భవ వేళ మల్లన్న గుడి శిఖరం నుంచి నందుల దాకా చుట్టే పాగా సముద్రం పక్కనున్న చీరాల నుంచి వస్తుంది. అక్కడి దేవాంగ నేతగాళ్ళు రోజుకు ఒక మూర చొప్పున ఏడాది పొడవునా నేస్తారు. దీపాలన్నీ ఆర్పేసిన చీకట్లో, దిగంబరంగా శిఖరమెక్కి ఆ పాగా చుడతారు. ఏటేటా పెళ్ళికొడుకు తలపాగా తీరమే పంపుతోంది.

> గుడి దాటి సముద్రం దాకా
>
> దర్శనం అయ్యాక జాలర్ల ఊరి దాకా వెళ్ళే యాత్ర మరోచోటా ఉంది. స్పెయిన్‌లోని శాంతియాగో కేథడ్రల్‌కు ఐరోపా నలుమూలల నుంచి నడిచి వెళ్ళే యాత్ర వెయ్యేళ్ళ నాటిది. ఇటీవలి సంవత్సరాల్లో ఏటా నాలుగు లక్షల మందికి పైగా ఆ నడక పూర్తిచేసిన పత్రం అందుకుంటున్నారు.
>
> చర్చిలో ప్రార్థన అయ్యాక చాలామంది ఆగిపోరు. మరో తొంభై కిలోమీటర్లు నడిచి అట్లాంటిక్ ఒడ్డున ఫిస్తెర్రా అనే జాలర్ల ఊరు చేరతారు. అక్కడ లైట్‌హౌస్ దగ్గర సున్నా కిలోమీటరు రాయి ఉంటుంది. ఆ యాత్రకు గుర్తు కూడా సముద్రపు ఆల్చిప్పే.
>
> యాత్రికుల రాకతో ఆ ఊరికి బసలు, భోజనశాలలు, ఉపాధి వచ్చాయి. చేపల వేట కూడా సాగుతోంది.

పుష్కరాలకు ముందు

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగినప్పుడు లింగాలగట్టులో ఘాట్లు కట్టారు. మెట్లు, రెయిలింగులు, దీపాలు, బట్టలు మార్చుకునే గదులు వచ్చాయి. పన్నెండు రోజులు ఊరు జనంతో నిండిపోయింది. తర్వాత ఆ మెట్ల మీద వలలు ఆరాయి, పుట్టెలు బోర్లాపడ్డాయి. ఎవరికోసమో కట్టినదాన్ని జాలర్లు తమ రేవుగా వాడుకుంటున్నారు.

మళ్ళీ పుష్కరాలు 2028లో. అంచనాలు, టెండర్లు ఎప్పటిలాగే ముందుగానే కదులుతాయి. స్నానాలకు వచ్చే వాళ్ళ కోసం గీసే ఆ ప్లానులోనే జాలర్లకు కావలసినవి కూడా గీయవచ్చు: పుట్టెలు ఆపుకోవడానికి ఒక సరైన రేవు, చేప చెడకుండా ఐసు గది, నీళ్ళు వదిలే ముందు ఊరంతా వినబడే సైరన్, మనిషికో లైఫ్ జాకెట్. ఘాట్ల ఖర్చు ముందు జాకెట్ల ఖర్చు చిన్నదే. ఇళ్ళ స్థలాలు, వేట ఆపిన నెలలకు భృతి జిల్లా యంత్రాంగం, మత్స్యశాఖ కూర్చుని తేల్చవలసిన పనులు. 2022 ఏప్రిల్‌లో జిల్లా ఏర్పడ్డాక కలెక్టరు ఆఫీసు నంద్యాలకే వచ్చింది. కర్నూలు దాకా పోవలసిన అవసరం తప్పింది కాబట్టి, అర్జీ పట్టుకుని వెళ్ళేవాళ్ళకు దారి కొంత దగ్గరైంది.

నడిచి వచ్చే భక్తులు చేయగలిగిందీ ఉంది. దర్శనం అయ్యాక బస్సుకు ముందు ఉన్న రెండు మూడు గంటల్లో సున్నిపెంట మీదుగా కిందకు దిగి రావచ్చు. చేప తినేవాళ్ళు కాటా వేసే దళారి దగ్గర కాకుండా పుట్టి దిగిన మనిషి దగ్గరే కొనవచ్చు. ఆళ్లగడ్డ గుంపులో దీక్ష విరమించిన ఇద్దరు ఆ ఉదయం అదే చేశారు. వెదురు బుట్టలో ఉన్న నాలుగు బొచ్చెలకు ఆవిడ చెప్పిన ధరే ఇచ్చారు, బేరం ఆడలేదు. వచ్చే ఏడు మీ ఊరి పారువేట చూడటానికి వస్తాం, పల్లకీ ఏ ఊళ్ళో ఏ రోజు ఉంటుందో ఫోను చేసి చెప్పండని ఆమె నంబరు రాయించుకుంది.